కారం తగ్గితే కూర పెరిగింది: నకిరేకల్ దగ్గరి ఒక ఇంటి కేస్ స్టడీ

నల్లగొండ జిల్లా, నకిరేకల్‌కు దగ్గరి పల్లె. రెండెకరాల పత్తి, ఎకరం వరి, పెరట్లో ఒక మునగ చెట్టు, ఒక కరివేపాకు చెట్టు. ఇంట్లో ఐదుగురు: 66 ఏండ్ల అవ్వ, 41 ఏండ్ల కొడుకు, 36 ఏండ్ల కోడలు, 13 ఏండ్ల బిడ్డ, 8 ఏండ్ల పిల్లగాడు. మా దగ్గరికి సలహా కోసం వచ్చింది బిడ్డ గురించే. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది, ఆ వయసు ఆడపిల్లకు కనీసం 12 ఉండాలి. మిగతా వాళ్లనూ చూస్తే తండ్రి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1. 5.7 నుంచి 6.4 దాకా షుగర్ రాబోయే దశ కింద లెక్క. అవ్వకు నోట్లో ఐదారు దంతాలే మిగిలాయి, మలబద్ధకం ఉంది. పిల్లగాడు అన్నంలో టమాట తొక్క కనిపించినా ఏరి పళ్లెం అంచున పెడతాడు.

ముందే ఒక మాట. 9.8ని ఆకుకూరలతోనే 12కు తెస్తామని ఎవరు చెప్పినా నమ్మొద్దు. బిడ్డకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్ ఐరన్-ఫోలిక్ మాత్రలు, నులిపురుగుల మందు రాశారు. రక్తం పట్టించే పని వాటిది. తిండి పని మళ్లీ పడిపోకుండా చూడటం. కింద రాసిందంతా ఆ రెండో పని గురించే.

ముందు తూకం

"కూరగాయలు తింటారా?" అని అడిగితే ఏ ఇంట్లోనైనా "రోజూ తింటం" అనే అంటారు. అది అబద్ధం కాదు, కానీ దాంతో లెక్క తేలదు. అందుకే ఒక వారపు అంగడి నుంచి మరో అంగడి దాకా ఇంటికి వచ్చిన కూరగాయలను, తొక్కా తొడిమా తీశాక, రోజువారీగా తూచి రాయించాం. ఆలుగడ్డను, ఉల్లిగడ్డను పక్కన పెట్టాం. అంగడి మర్నాడు ఐదుగురికి కలిపి 1,100 గ్రాములు ఉన్న కూరగాయలు రోజురోజుకూ తగ్గుతూ ఆరో రోజుకు 250, ఏడో రోజుకు 200 గ్రాములకు వచ్చాయి. వారం సగటు రోజుకు 600, అంటే మనిషికి 120 గ్రాములు. పండ్లు అంగడి నాడు తెచ్చే అరటిపండ్లే, అవీ పిల్లలకే.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2000 కేలరీల తిండిలో 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు ఉండాలి. 120 తినే ఇంటికి 500 లక్ష్యం పెడితే ఆ కాగితం గోడకే వేలాడుతుంది. కూరగాయలు, పండ్లు కలిపి మనిషికి 300 గ్రాములు అని మొదలుపెట్టాం.

కూర ఎందుకు పెరగదు

అందరూ చెప్పే సలహా "అన్నం తగ్గించి కూర ఎక్కువ తినండి". ఈ ఇంట్లో అది ఎందుకు పనిచేయదో వంటింట్లో చూస్తే తెలిసింది. 600 గ్రాముల గోకరకాయకు కోడలు నాలుగు చెంచాల కారం, రెండు చెంచాల ఉప్పు వేస్తుంది. ఆ కూరను ఉత్తగా రెండు ముద్దలు తింటే నోరు మండుతుంది. మండాలి కూడా, ఎందుకంటే అది తినడానికి చేసిన కూర కాదు, అన్నాన్ని దించడానికి చేసిన కూర. గుప్పెడు కూరతో పళ్లెం నిండా అన్నం పోవాలి. అటువంటి కూరను రెట్టింపు వేసుకోమంటే మనిషి లోపలికి రెట్టింపు ఉప్పు, రెట్టింపు కారం పోతాయి. తినేవాళ్లు ఊరుకోరు, ఊరుకున్నా అది మంచిది కాదు.

కాబట్టి మొదటి మార్పు ఇదీ: గంజులో కారం, ఉప్పు, నూనె పాత కొలతే. కూరగాయ మాత్రం రెట్టింపు. ఒక్కసారే కాదు, మొదటి వారం 600కు 750, తర్వాత 900, ఆ తర్వాత 1,050, చివరికి 1,200. నాలుక మెల్లమెల్లగా తక్కువ ఉప్పుకు అలవాటు పడుతుంది, ఒక్క రోజులో తగ్గిస్తే మాత్రం "దవాఖాన కూర" అని పేరు పడుతుంది. మొదటి వారంలోనే తండ్రి "ఇగ ఉప్పు డబ్బా ఇటియ్యి" అన్నాడు. ఉప్పుకు బదులు పొడి డబ్బా పెట్టించాం: వేయించిన పల్లీలు 100 గ్రాములు, నువ్వులు 50 గ్రాములు, ఎల్లిపాయ రెబ్బలు పది, జీలకర్ర చెంచా, బరకగా దంచి. ఉప్పు లేదు. 1,200 గ్రాముల కూరకు దించే ముందు 40 గ్రాములు చల్లితే చప్పదనం పోతుంది, కూరకు చిక్కదనం వస్తుంది. పల్లీలు పాలమూరు పక్క ఏడాది పొడుగునా దొరికేవే. పొడి మరీ మెత్తగా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది, రెండు వారాల్లో కంపు పడుతుంది.

ఇక్కడ తప్పకుండా వచ్చే ఇబ్బంది ఒకటుంది. అదే గంజులో రెట్టింపు బీరకాయ వేస్తే అది వేగదు, తన నీళ్లలో తానే ఉడికి చారవుతుంది. వెడల్పాటి కడాయి కావాలి, లేదా రెండు వాయిలుగా చేయాలి. ఉప్పు చివర్లో వేయాలి, ముందే వేస్తే ముక్కలోని నీళ్లన్నీ బయటికొస్తాయి. బెండకాయకు మూత పెట్టొద్దు. గోకరకాయ రెట్టింపైతే కోత కూడా రెట్టింపు. పత్తి ఏరే రోజుల్లో ఎనిమిదింటికి చేనుకు పోయే మనిషికి అది కుదిరే పని కాదు. గోకరకాయ, చిక్కుడు, క్యారెట్ ముందురోజు సాయంత్రమే అవ్వ కూర్చుని సిద్ధం చేసి, తడి లేకుండా స్టీలు డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడుతుంది. కడగడం కోయకముందే, కోశాక కడిగితే నీళ్లలో కరిగే విటమిన్లు మోరీలోకి పోతాయి. వంకాయ, ఆకుకూర మాత్రం పొద్దున్నే.

ఎవరి గిన్నె వాళ్లకు

రెండు వారాల తర్వాత తూచినప్పుడు ఇంటి మొత్తం పెరిగింది, కోడలి వాటా పెరగలేదు. కారణం వెతకనక్కర లేదు. ఆమె చివర తింటుంది, అడుగున మిగిలింది తింటుంది. కూర రుచిగా ఉంటే మిగలదు కూడా. బిడ్డ తల్లి పక్కన కూర్చుని తింటుంది కాబట్టి బిడ్డ వాటా కూడా తక్కువే. అవసరం ఎక్కువ ఉన్న ఇద్దరికే తక్కువ అందుతోంది.

దీనికి ఉపన్యాసం పనికిరాదు. పొయ్యి మీద నుంచి దించగానే కూరను ఐదు చిన్న స్టీలు గిన్నెల్లోకి పంచేయాలి, ఒక్కోటి 200 మిల్లీలీటర్లది. అన్నం ఎవరు ముందు తిన్నా, ఎవరు వెనక తిన్నా గిన్నె ఎవరిది వాళ్లకే. అవ్వ మొదట ఒప్పుకోలేదు. "కూర పంచుకునుడేంది బిడ్డా, మనం పాలోళ్లమా?" అన్నది. మనవరాలి రక్తం లెక్క చెప్పి, "గిన్నెలు నువ్వే నింపాలె అవ్వా" అంటే ఆ పని తీసుకుంది. ఈ కేసులో ఖర్చు లేకుండా ఎక్కువ తేడా తెచ్చిన మార్పు ఇదే అని మా అభిప్రాయం.

పిండిలోకి, రొట్టెలోకి

కూర ఎంత పెంచినా మధ్యాహ్నం, రాత్రి కలిపి ఒక హద్దు ఉంటుంది. ఆ పైన కావాలంటే కూరగాయ తినే చోట్లు పెంచాలి. పొద్దటి పూట, సాయంత్రం నాలుగింటి పూట ఈ ఇంట్లో ఖాళీగా ఉన్నాయి. పొద్దున టీ, బిస్కెట్లు. సాయంత్రం పిల్లగాడికి ఐదు రూపాయల ప్యాకెట్.

సర్వపిండి వాళ్లకు తెలిసిందే, పండుగకో వాన పడ్డప్పుడో చేస్తారు. దాన్ని వారానికి రెండు సాయంత్రాలకు తెచ్చాం. బియ్యం పిండి 250 గ్రాములు, తురిమిన సోరకాయ 250 గ్రాములు, గంట నానిన శనగపప్పు రెండు చెంచాలు, పలుకుగా దంచిన పల్లీలు 30 గ్రాములు, నువ్వులు రెండు చెంచాలు, పచ్చిమిరప-ఎల్లిపాయ ముద్ద, కరివేపాకు, కొత్తిమీర, ముప్పావు చెంచా ఉప్పు. నీళ్లు పోయొద్దు. సోరకాయలో తొంభై శాతానికి పైగా నీళ్లే. ఉప్పు కలిపి పది నిమిషాలు ఉంచితే పిండి తానే తడుస్తుంది. ముందే నీళ్లు పోసి కలిపితే అది జారిపోతుంది, మళ్లీ పిండి వేయాల్సి వస్తుంది, కూరగాయ వాటా పడిపోతుంది. చల్లటి మందపాటి గిన్నెలో చెంచా నూనె రాసి, పిండిని పలుచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుల్లో నాలుగైదు చుక్కల నూనె వేసి, మూతతో సన్నమంట మీద పది పన్నెండు నిమిషాలు. రెండో వాయికి వేడి గిన్నెలో అద్దబోతే చేయి కాలుతుంది, పిండి అంటుకోదు. గిన్నెను బోర్లించి వెనక నీళ్లు పోసి చల్లార్చాలి. లేదా రెండు గిన్నెలు వాడాలి.

సోరకాయ తురిమే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడాలి. చేదుంటే కాయ మొత్తం పారేయాలి, వండినా ఆ చేదులోని విషం పోదు, వాంతులు, విరేచనాలు అవుతాయి. పచ్చి సోరకాయ రసం తాగే అలవాటు అసలే వద్దు. దోసకాయకూ ఇదే పరీక్ష.

పొద్దటికి మెంతంకూర జొన్నరొట్టె. జొన్నపిండి 250 గ్రాములకు సన్నగా తరిగిన మెంతంకూర 100, ఉల్లిగడ్డ 50, జీలకర్ర, పచ్చిమిర్చి. జొన్నపిండికి గోధుమపిండికున్న జిగట లేదు కాబట్టి మరిగే నీళ్లతో కలిపితేనే కట్టుబడుతుంది. ఆకు పిండిలో కలిశాక నీళ్లు వదులుతుంది, అందుకే ఎప్పుడూ పోసే నీళ్లలో నాలుగో వంతు తగ్గించి మొదలుపెట్టాలి. రొట్టె విరిగితే కారణం మూడింట్లో ఒకటి: ఆకు ముతకగా తరగడం, పిండి పాతది కావడం, నీళ్లు చల్లారిపోవడం. ఈ ఇంట్లో పిండి పాతది. నెలకు సరిపడా పట్టించేవాళ్లు, పదిహేను రోజులకు మార్చుకున్నాక రొట్టె నిలిచింది. మెంతంకూర బదులు తురిమిన క్యారెట్, లేత మునగాకు కూడా పోతాయి. మునగాకు ముదిరితే చేదు. కొమ్మ చివరి లేత ఆకు 50 గ్రాములు మించొద్దు.

పిండిలో కలిపితే పిల్లగాడు కూడా తిన్నాడు. ఇక్కడితో ఆగిపోయే సలహాదారులు చాలామంది ఉన్నారు, మాకది ఒప్పదు. దాచిపెట్టి తినిపించిన కూరగాయను పిల్లవాడు తిన్నట్టు కాదు, వాడికి ఆ సంగతే తెలియదు. సర్వపిండి పక్కనే అదే సోరకాయ కూర ఒక్క చెంచా కనిపించేలా పెట్టాలి. తినమని అడగొద్దు, తినకపోతే తీసేయాలి. కొత్త కూరగాయ పిల్లల నాలుకకు పట్టాలంటే పది పదిహేను సార్లు ఎదురుపడాల్సి రావచ్చు. మూడోసారికే "వీనికి పడదు" అని మానేయడమే ఇళ్లలో జరిగే తప్పు. మెంతంకూర ఆకు దూసే పని వాడికే ఇచ్చారు. టమాట ఇప్పటికీ ఏరుతున్నాడు. బీరకాయ, క్యారెట్ తింటున్నాడు.

పచ్చివి, పుల్లవి

తండ్రికి అన్నం ముందు గిన్నెడు పచ్చి కూరగాయలు పెట్టమన్నాం. పీచు ముందు పోతే అన్నంలోని పిండి రక్తంలోకి చక్కెరగా చేరే వేగం తగ్గుతుంది. కోసిన కీర, క్యారెట్ ముక్కలు చూసి "ఇది గొడ్ల దాణా" అన్నాడు. ఆయన మాట తప్పేమీ కాదు, మసాలా లేని ముక్కలు అలాగే ఉంటాయి. మార్చిన తీరు: కీర 200 గ్రాములు చిన్న ముక్కలు, తురిమిన క్యారెట్ 50, ఉల్లిగడ్డ సగం, కొత్తిమీర గుప్పెడు, పై పల్లీ-నువ్వుల పొడి రెండు చెంచాలు, సగం నిమ్మకాయ, పైన ఆవాలు, కరివేపాకు పోపు. ఉప్పు తినే నిమిషంలో చిటికెడు. చేనుకు పట్టుకుపోయే డబ్బాలో ఉప్పు, నిమ్మరసం కలిపి పెడితే మధ్యాహ్నానికి అడుగున నీళ్లు, పైన వడలిన ముక్కలు. నిమ్మకాయను డబ్బాలో చెక్కగానే పెట్టి పంపాలి. పచ్చిగా తినే వాటిని పారే నీళ్లలో రుద్ది కడగాలి. తొక్క మీది మట్టి, కొంత మందు పోతాయి, లోపలికి ఇంకినవి పోవు.

పచ్చిపులుసు కూడా ఈ పనికి బాగా పనికొస్తుంది. 20 గ్రాముల చింతపండుకు 600 మిల్లీలీటర్ల నీళ్లు, కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, కొద్దిగా బెల్లం ఎప్పటివే. అందులో తురిమిన కీర 150 గ్రాములు వేస్తే పులుసు తాగే వస్తువు నుంచి తినే వస్తువు అవుతుంది. ఎండకాలం చింతపండు బదులు ఉడికించిన మామిడికాయ.

ఆకుకూర, ఎక్కడి నుంచి

పుంటికూర, చుక్కకూర, తోటకూర, బచ్చలి అంగడిలో దొరుకుతాయి. అవ్వకు గంగవాయిలి కూర, పొన్నగంటి కూర తెలుసు, వానకాలం చెల్కల్లో ఏరుకొచ్చేది. అది మంచి అలవాటే, ఒక్క షరతు: పత్తి చేనులోది, చేను గట్టు మీదిది వద్దు. పత్తికి కొట్టే మందు కిందున్న గంగవాయిలి మీద కూడా పడుతుంది. ఇంటి వెనుక స్నానం నీళ్లు పారే చోట పక్కన రెండు చిన్న మడులు చేసి తోటకూర, పాలకూర చల్లించాం. సబ్బు నీళ్లు నేరుగా పారించకుండా మంచినీళ్లే పోయాలి. తోటకూర మూడు నాలుగు వారాల్లో కోతకు వస్తుంది. రెండు మడుల మధ్య పదిహేను రోజుల ఎడం ఉంటే తెగకుండా ఉంటుంది.

పప్పులో ఆకు వాటా కూడా మార్చాం. 200 గ్రాముల కందిపప్పుకు ఒక కట్ట కాదు, 300 గ్రాముల ఆకు. దించాక, పొయ్యి మీద కాదు, నిమ్మకాయ పిండాలి: ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికి విటమిన్ సి తోడు కావాలి, మరిగితే అది తగ్గిపోతుంది. నకిరేకల్‌లో నిమ్మకాయల మార్కెట్ పెట్టుకుని ఇంట్లో నిమ్మకాయ లేకపోవడం చిత్రమే. భోజనం చేయగానే టీ తాగితే ఇనుము ఒంటికి తక్కువ పడుతుంది. బిడ్డకు, తల్లికి టీ ఒక గంట వెనక్కి జరిపాం. ఆకు ఉడికేటప్పుడు మొదటి రెండు మూడు నిమిషాలు మూత తీసే ఉంచితే రంగు పచ్చగా ఉంటుంది, మూత కింద ఆవిరిలోని పులుపుకు గోధుమ రంగు తిరుగుతుంది. పిల్లలు ఆ రంగు చూసే వద్దంటారు. ఇంట్లో ఎవరికైనా కిడ్నీలో రాళ్లుంటే పాలకూర, గంగవాయిలి, చుక్కకూర తగ్గించి మెంతంకూర తీసుకోవాలి, నీళ్లు ఎక్కువ తాగాలి.

అంగడి తర్వాత ఆరో రోజు

పడిపోయే రోజుల్ని లేపడానికి కొనే వరుస మార్చాం. ముందు రెండు రోజులకు ఆకుకూరలు, తర్వాత బెండ, బీర, వంకాయ, నాలుగో రోజు నుంచి గోకరకాయ, క్యాబేజీ, ఆఖరి రెండు రోజులకు కోయని సోరకాయ, దోసకాయ, గుమ్మడికాయ. మంచి గుమ్మడికాయ కోయకపోతే నెల దాటి కూడా ఉంటుంది. ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలు, దోశపిండి తప్ప చోటు లేదు. ఒక అర ఖాళీ చేయించాం. ఆకుకూర కడిగి పాలిథీన్ కవర్లో కుక్కితే మర్నాటికే కుళ్లుతుంది. వేరు కోసి, పసుపు ఆకులు ఏరి, కడగకుండా పొడి నూలు గుడ్డలో చుట్టాలి.

పండ్లు

"పండ్లు దవాఖానల ఉన్నోళ్లను చూడవోయేటప్పుడు కొనేటివి" అని కోడలు చెప్పిన మాటే అసలు అడ్డంకి. చుట్టూ బత్తాయి తోటలున్న జిల్లా ఇది. ఇంట్లో పండు కనిపించేది కవర్లో, కట్టేసి. కట్టేసిన కవర్‌ను ఎవరూ విప్పరు. బత్తాయి నాలుగు చెక్కలు కోసి పళ్లెంలో పెడితే పది నిమిషాల్లో అయిపోతుంది. కోసి, కనిపించే చోట, సాయంత్రం నాలుగింటికి: మేం పెట్టిన నియమం అంతే. మాదిరి బత్తాయి ఒకటి తొక్క తీస్తే 120 నుంచి 150 గ్రాములు, ఒక మనిషి రోజు వాటా అందులోనే తీరుతుంది. రసం తీయొద్దు. గ్లాసుకు మూడు పండ్లు పోతాయి, పీచు పిప్పిలో పోతుంది, తండ్రికి చక్కెర మాత్రం తొందరగా ఎక్కుతుంది.

బత్తాయి కాపు లేని రోజుల్లో జామ, బొప్పాయి, రేగుపండ్లు, ఎండకాలం ముంజలు, వానల తర్వాత బాలానగర్ పక్క నుంచి వచ్చే సీతాఫలం. తండ్రికి జామ మేలు. సీతాఫలం, మామిడి మానక్కర లేదు, సగం పండు, భోజనంతో కాకుండా విడిగా. అవ్వకు బొప్పాయి, మెత్తగా ఉంటుంది, మలబద్ధకానికీ సాయం. బొప్పాయిని పాలలో కొట్టి పెడితే గంటలో చేదెక్కుతుంది, అందులోని ఎంజైము పాల ప్రోటీన్లను విరిచేస్తుంది. పిల్లగాడికి ఐస్ కావాలంటే మామిడి గుజ్జు 200 గ్రాములు, గట్టి పెరుగు 200 గ్రాములు కలిపి చిన్న గ్లాసుల్లో పుల్ల గుచ్చి గడ్డకట్టించాలి. చక్కెర అక్కర లేదు, పండు పండిందైతే.

ఎక్కడికొచ్చింది

మూడు నెలలకు మళ్లీ తూచినప్పుడు కూరగాయలు మనిషికి సగటున 230 గ్రాములు, పండ్లు 70. మొదటి లక్ష్యం 300 అందింది, 500కు చాలా దూరం. అంగడి ముందురోజు ఇప్పటికీ 140 దాటడం లేదు. అంగడి ఖర్చు మూడో వంతు పైగా పెరిగింది. ప్యాకెట్లు తగ్గడం, పెరటి మడులు కొంత పూడ్చాయి, మొత్తం పూడ్చలేదు. బిడ్డ హిమోగ్లోబిన్ 11.3, మాత్రలు కొనసాగుతున్నాయి. తండ్రికి 5.9, అందులో గిన్నెడు కీర వాటా ఎంత, రాత్రి అన్నం తగ్గించడం వాటా ఎంత అని విడదీసి చెప్పలేం.

ఎండకాలానికి ఇంకొక ఏర్పాటు కావాలి. ఏప్రిల్, మే నెలల్లో పెరటి మడులు ఎండుతాయి, అంగడిలో కూరగాయ ధర పెరుగుతుంది. మార్చిలోనే గోకరకాయ, వంకాయ, కాకరకాయ వరుగులు చేసుకోవాలని అవ్వతో మాట్లాడాం. గోకరకాయను మరిగే ఉప్పునీళ్లలో రెండు నిమిషాలు ముంచి తీసి, పలుచటి గుడ్డ కప్పి, మంచె మీద రెండు మూడు రోజులు ఎండబెట్టాలి. విరిస్తే టక్కున విరగాలి, వంగితే లోపల తడి ఉన్నట్టే, డబ్బాలో బూజు పడుతుంది. విటమిన్ సి చాలా వరకు పోతుంది, పీచు, ఖనిజాలు మిగులుతాయి. నానబెట్టి పప్పులో వేసేటప్పుడు వరుగులోని ఉప్పును లెక్కలోకి తీసుకుని పప్పులో సగమే వేయాలి.